కోట తలుపు తీసే పిల్లనగ్రోవి

*నేలమాళిగల ఆటల్లో కత్తి, డాలు, మంత్రదండాల పక్కన ఒక వాయిద్యం కూడా ఉంటుంది. చాలామంది దాన్ని బరువనుకుని పారేస్తారు. వీరుడి సంచిలో అసలు పారెయ్యకూడనిది అదే.*

కందకం నిండా నీళ్ళు. ఆ నీళ్ళలో మనిషిని చుట్టేసి ముంచేసే పెద్ద మలుగుచేపలు, సొరచేపలు. అవతల సైనికులతో కిక్కిరిసిన కోట. వంతెన పైకెత్తి ఉంది. ఇవతలి గట్టున మన వీరుడు నిలబడ్డాడు. తెర మీద అతని రూపం ఈమెయిల్ చిరునామాలో వాడే ‘ఎట్’ గుర్తు, అంతే. అతను కత్తి దూయలేదు, సంచిలోంచి చెక్క పిల్లనగ్రోవి తీశాడు. తోచినట్టు వాయిస్తావా అని ఆట అడిగింది. వద్దన్నాడు. అయితే స్వరాలను అక్షరాల్లో చెప్పమంది. వరసగా అయిదుసార్లు ‘ఎ’ అని కొట్టాడు. రెండు పళ్ళచక్రాలు తిరిగిన చప్పుడు వినిపించిందని తెర పైన ఒక వాక్యం వచ్చింది. ఈసారి ‘ఎ ఎ బి బి బి’ అన్నాడు. ఒక చక్రం తిరిగింది, తాళంలో ఒక మీట టక్కుమంది.

చక్రం తిరిగితే స్వరమూ సరైనదే, చోటూ సరైనదే. మీట టక్కుమంటే స్వరం సరైనదే కానీ చోటు తప్పు. ఈ రెండు చప్పుళ్ళతోనే ఎంత దూరం వెళ్ళొచ్చో చూడండి. ఏడు స్వరాలు, అయిదు స్థానాలు కాబట్టి రహస్య బాణీ 16,807 రకాలుగా ఉండొచ్చు. అందులో ‘ఎ’లు సరిగ్గా రెండే ఉన్నాయని మొదటి జవాబు చెప్పింది. దాంతో మిగిలినవి 2,160. రెండో జవాబు ఒక ‘ఎ’ మొదటి రెండు స్థానాల్లో, ఇంకొకటి చివరి మూడింట్లో ఉన్నాయనీ, ‘బి’ అసలు లేదనీ తేల్చింది. మిగిలినవి 750. మూడోసారి ‘డి ఎ సి ఎ సి’ అని వాయిస్తే మూడు చక్రాలు తిరిగాయి, మీట చప్పుడు లేదు. అంటే రెండో స్థానంలో ఒక ‘ఎ’, నాలుగో స్థానంలో ఒక ‘ఎ’ ఖాయం. ఇక మిగిలినవి 34. ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒక్క చుక్క నెత్తురు రాలకుండా, పదహారు వేల పైచిలుకు అవకాశాలు మూడు ఊదుళ్ళలో ముప్ఫై నాలుగయ్యాయి. ఇంకాసేపట్లో వంతెన దిగుతుంది.

ఈ ఆట పేరు నెట్‌హ్యాక్. 1987లో విడుదలైంది. అప్పటినుంచి ఉచితమే. ఇవాళ దీని గురించి మాట్లాడుకోవడానికి కారణం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధించింది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఇలాంటి ఆటల మీద ఆంక్షలు పెట్టాయి. ఇళ్ళు గుల్లయిన కుటుంబాలను చూశాక ఆ నిషేధాన్ని తప్పుపట్టడం కష్టం. కానీ చర్చ సాగేకొద్దీ ‘గేమ్’ అన్న మాటకే మచ్చ పడింది. పిల్లాడు తెర ముందు కూర్చుంటే చాలు, చెడిపోతున్నాడన్న భయం. పందెం ఆటకూ, బుర్రకు పనిచెప్పే ఆటకూ తేడా ఉందని చట్టం స్వయంగా ఒప్పుకుంటుంది. ఈ-స్పోర్ట్స్‌నూ, డబ్బుతో పనిలేని సరదా ఆటలనూ అది వేరుగా చూస్తుంది. ఇళ్ళల్లో జరిగే మాటల్లో ఆ తేడా కనిపించడం లేదు. ఆ తేడాను చూపించడానికి ఈ చెక్క పిల్లనగ్రోవి కంటే మంచి ఉదాహరణ దొరకదు.

చీకటి మెట్లు ఎక్కడినుంచి మొదలయ్యాయి

నేలమాళిగలోకి దిగి, రాక్షసులను దాటి, నిధి తెచ్చుకునే ఆటలకు మూలం 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రచురించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అది బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, నోటితో కథ చెప్పుకుంటూ ఆడే ఆట. అందులోకి 1976 నాటికే గాయకుడి పాత్ర వచ్చేసింది. దాన్ని ‘బార్డ్’ అంటారు. 1980లో కాలిఫోర్నియా విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్, తర్వాత వాళ్ళతో చేరిన కెన్ ఆర్నాల్డ్ కలిసి ‘రోగ్’ తయారుచేశారు. ఆడినప్పుడల్లా గదులూ దారులూ కొత్తగా పుట్టుకొచ్చే కంప్యూటర్ నేలమాళిగ అది. చస్తే మళ్ళీ మొదటినుంచే. దాన్ని చూసి హైస్కూల్లో చదువుకుంటున్న జే ఫెన్లాసన్ మిత్రులతో కలిసి ‘హ్యాక్’ రాశాడు. దాన్ని ఇంటర్నెట్ ద్వారా పరిచయమైన ఔత్సాహికులు చేయి చేయి కలిపి పెంచితే నెట్‌హ్యాక్ అయింది. జీతం తీసుకోకుండా దశాబ్దాలుగా దాన్ని సాకుతున్నది స్వచ్ఛంద కార్యకర్తలే. ఇందులో కొనడానికి ఏమీ లేదు, గెలిస్తే వచ్చే డబ్బూ లేదు.

జపాన్ దారి వేరు. 1986లో నింటెండో విడుదల చేసిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’లో హీరో చేతికి ఒక పిల్లనగ్రోవి దొరుకుతుంది. సరైన చెరువు దగ్గర ఊదితే నీళ్ళు ఇంకిపోయి అడుగున మెట్లు బయటపడతాయి. 1998లో వచ్చిన ‘ఒకరినా ఆఫ్ టైమ్’లోనైతే వాయిద్యమే ఆటకు గుండెకాయ. చేతిలో పట్టే మట్టి ఊదుడు వాయిద్యం ఒకరినా. ఆటగాడు అయిదు మీటలతో అయిదు స్వరాలు పలికిస్తాడు. ఒక బాణీ వాన కురిపిస్తుంది, ఒకటి గుర్రాన్ని పిలుస్తుంది, ఇంకొకటి పగటిని రాత్రి చేస్తుంది. స్వరకర్త కోజీ కొండో ఆ అయిదు స్వరాల హద్దులోనే అన్ని పాటలూ కూర్చాడు. 2015లో కెనడా నుంచి వచ్చిన ‘క్రిప్ట్ ఆఫ్ ది నెక్రోడాన్సర్’ ఇంకో అడుగు వేసింది. అందులో అడుగు తీసి అడుగు వెయ్యాలన్నా తాళం తప్పకూడదు.

> సంచిలో ఏముంది?
>
> నెట్‌హ్యాక్‌లో దొరికే కొన్ని వాయిద్యాలు:
>
> చెక్క పిల్లనగ్రోవి: చెయ్యి తిరిగినవాడు వాయిస్తే పాములు శాంతిస్తాయి. మాయ పిల్లనగ్రోవి: దగ్గరున్న జీవులను నిద్రపుచ్చుతుంది. చెక్క హార్ప్: వస్తువులు దొంగిలించే వనకన్యల మనసు మెత్తబరుస్తుంది. మాయ హార్ప్: శత్రువులను పెంపుడు జీవులను చేస్తుంది. కొమ్ములు: ఒకటి భయపెడుతుంది, ఒకటి మంచు, ఒకటి నిప్పు కక్కుతుంది, ఇంకొకటి తిండి పెడుతుంది. వాడిచూసేదాకా నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. బ్యూగిల్: నిద్రపోతున్న సైనికులను లేపుతుంది. తోలు డోలు: శత్రువులను పారిపోయేలా చేస్తుంది. భూకంప డోలు: నేలలో గోతులు పడతాయి.

ఆయుధం మాట వినదు, వాయిద్యం వింటుంది

పాటతో పని జరిపించుకోవడం మనవాళ్ళకు తెలియని ఊహ కాదు. హనుమంతుడు పాడితే బండ కరిగి, నారదుడి వీణ అందులో ఇరుక్కుపోయిన కథ తెలుగు కచేరీల్లో, హరికథల్లో ఎన్నోసార్లు విన్నదే. గ్రీకుల ఆర్ఫియస్ పాతాళానికి వెళ్ళి తన వాయిద్యంతో మూడు తలల కుక్కను మెత్తబరిచాడు. బైబిల్లో కొమ్ములు ఊదితే, జనం కేక వేస్తే జెరికో గోడలు కూలాయి. ఆటలు తయారుచేసినవాళ్ళు ఈ కథల్లోంచే వాయిద్యాలను ఏరుకున్నారు. అయితే కథలో ఫలితం ముందే తేలిపోయి ఉంటుంది. ఆటలో అలా ఉండదు. ఆడేవాడు ఏం ఊదాలో, ఎక్కడ నిలబడి ఊదాలో తనే తేల్చుకోవాలి.

కత్తికి ఒకటే వ్యాకరణం. తగిలిందా, లేదా. ఎంత ఖరీదైన కత్తి అయినా ఆడేవాణ్ణి అడిగేది అదొక్కటే. వాయిద్యం అలా కాదు. కొమ్ము ఊదితే పక్క గదిలో నిద్రపోతున్నవాడు లేస్తాడు. కాబట్టి ఊదేముందు పక్క గదిలో ఎవరున్నారో ఆలోచించాలి. సైనికులతో నిండిన కోట ముందు బ్యూగిల్ తోచినట్టు ఊదడం ఒక నిర్ణయం, అదే బ్యూగిల్ మీద అయిదు స్వరాలు ఆచితూచి పలికించడం ఇంకో నిర్ణయం. వస్తువు ఒకటే. తేడా వాడిన తీరులో, చోటులో ఉంది. ఆటలో ఒక వస్తువు విలువను అది చేసే నష్టంతో కొలవడం ఆటగాళ్ళకు అలవాటు. ఆ కొలత తప్పు. అది ఎన్ని ప్రశ్నలు వేయిస్తుందో, ఎంత జవాబు వినిపిస్తుందో దాన్నిబట్టి కొలవాలి. ఆ లెక్కన చెక్క పిల్లనగ్రోవికి సాటి వచ్చే కత్తి లేదు.

దీనికి ఆటలోనే బలమైన సాక్ష్యం ఉంది. నెట్‌హ్యాక్‌లో కోట 25 నుంచి 29 లోపు అంతస్తులో ఎక్కడో ఉంటుంది. అందులో దాచిన మంత్రదండం కోరిన వస్తువు ఇచ్చేస్తుంది. ఆట మొత్తంలో ఇంతకు మించిన బహుమతి అరుదు. అలాంటి కోట తాళాన్ని తయారీదారులు ఏ మాయ వాయిద్యానికీ ముడిపెట్టలేదు. మాయ పిల్లనగ్రోవికి మాయశక్తి నాలుగు నుంచి ఎనిమిది సార్ల వరకే. అది అయిపోతే మామూలు పిల్లనగ్రోవిలాగే పలుకుతుంది. కోట ముందు దానికీ చెక్కదానికీ తేడా ఉండదు. రెండూ స్వరాలు పలుకుతాయి, చాలు. ఆటలో తక్కువరకం సామాను, అంటే మొదటి అంతస్తులో దొరికినా ఎవరూ వంగి తియ్యనిది, చివరికి అతి పెద్ద తలుపు దగ్గర ఖరీదైనదానితో సమానంగా నిలబడింది. డబ్బు పోసి శక్తి కొనుక్కునే ఫోన్ ఆటల కాలంలో ఈ ఏర్పాటు ఎంత విలువైనదో పందెం ఆటల్లో పోగొట్టుకున్న కుటుంబాలకు చెప్పక్కర్లేదు.

ఈ ఆట శబ్దమే చెయ్యదు. తెరంతా అక్షరాలే. చక్రం తిరిగిందన్నది ఒక వాక్యం, మీట టక్కుమన్నది ఒక వాక్యం. వినడమంటే ఇక్కడ చదవడం, చదివినదాన్ని మనసులో నిలబెట్టుకుని ముందు చదివినదానితో సరిచూసుకోవడం. కాగితం మీద గీతలు గీసుకుంటూ ఆడేవాళ్ళు ఈ ఘట్టానికి వచ్చేసరికి నేలమాళిగ సంగతే మరిచి లెక్కలో మునిగిపోతారు.

> ఆ తాళం వెనక బల్ల ఆట
>
> కోట తాళానికి మూలం ‘మాస్టర్‌మైండ్’ అనే రంగు మేకుల ఆట. ఇజ్రాయెల్‌కు చెందిన మొర్దెకై మెయిరోవిట్జ్ రూపొందించగా, 1970ల తొలినాళ్ళలో బ్రిటన్‌లోని ఇన్‌విక్టా సంస్థ అమ్మకానికి తెచ్చింది. నాలుగు స్థానాలు, ఆరు రంగులతో 1,296 అవకాశాలున్న ఆ ఆటలో ఎలాంటి రహస్యాన్నైనా అయిదు ప్రయత్నాల్లో పట్టొచ్చని 1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ నిరూపించాడు. నెట్‌హ్యాక్ బాణీకి అవకాశాలు అంతకు దాదాపు పదమూడు రెట్లు.

పాము, పిల్లనగ్రోవి, ఒక కులవృత్తి

చెక్క పిల్లనగ్రోవి పాములను శాంతపరుస్తుందన్న ఏర్పాటు దగ్గర తెలుగు పాఠకుడు ఆగుతాడు. అమెరికాలో రాసిన ఆటలోకి ఈ ఊహ వచ్చింది మన వైపు నుంచే. నాగస్వరం ఊదే పాములవాడి బొమ్మ పాశ్చాత్య పుస్తకాల్లో, సినిమాల్లో భారతదేశానికే గుర్తుగా తిరిగింది. నిజానికి పాముకు బయటి చెవులు లేవు. నేలగుండా వచ్చే అదురు దానికి బాగా తెలుస్తుంది. పడగ ఊపడానికి కారణం రాగం కాదు, ఎదురుగా కదిలే బూరను అది కనిపెట్టి చూడడం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములను పట్టి ఆడించడాన్ని నేరం చేసింది. పాముల బతుక్కి అది మేలే. కానీ తరతరాలుగా దానిమీదే బతికిన కుటుంబాలకు వేరే దారి చూపించడం మాత్రం సరిగా జరగలేదు. పల్లెల్లో ఆ బూర మూగబోయినా తెర మీద మాత్రం ఊదుతూనే ఉన్నారు.

ఈ వివరంలో ఆట నిజాయితీ ఒకటి మెచ్చుకోదగ్గది. మామూలు పిల్లనగ్రోవిని ఎవరు పడితే వాళ్ళు ఊదితే పాము వినదు. వేళ్ళ చురుకు, సంపాదించిన అనుభవం, కొంత అదృష్టం కలిస్తేనే ఫలిస్తుంది. కొత్తగా నేలమాళిగలోకి దిగినవాడు పిల్లనగ్రోవి ఊది పాముతో కాటు తినడమే జరుగుతుంది. వాయిద్యం సంచిలో ఉన్నంత మాత్రాన వాద్యకారుడు కాడని ఈ ఆటకు తెలుసు.

కాదనేవాళ్ళ మాట

మొదటి అభ్యంతరం: వాయిద్యం పేరుతో చివరికి చేసేది చంపడమే కదా? నిప్పు కక్కే కొమ్ముకూ తుపాకీకీ తేడా ఏముంది? నిజమే, మాయ వాయిద్యాలు కొన్ని వేషం మార్చుకున్న ఆయుధాలే. కోట బాణీ కూడా పూర్తిగా అహింస కాదు. వంతెన మీద సైనికులు ఉండగా అదే బాణీ మళ్ళీ వాయిస్తే వంతెన పైకి లేచి వాళ్ళను నలిపేస్తుంది. దాన్ని ఎత్తుగడగా వాడే ఆటగాళ్ళున్నారు. కానీ ఇక్కడ గమనించాల్సింది ఎంపిక. నిద్రపుచ్చి పక్కనుంచి వెళ్ళిపోవచ్చు, మచ్చిక చేసుకోవచ్చు, భయపెట్టి తరిమెయ్యొచ్చు, నలిపెయ్యనూ వచ్చు. కత్తి ఇవ్వలేని మూడు దారులు వాయిద్యం ఇచ్చింది. నాలుగోదాన్ని ఎంచుకున్న బాధ్యత ఆడేవాడిది.

రెండోది ఇంకా పదునైనది. ఇప్పుడు ఏ ఆట రహస్యమైనా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, ఇక ఆలోచించేది ఎవరు? ‘ఒకరినా ఆఫ్ టైమ్’ విషయంలో ఇది చాలావరకు నిజం. అందులో పాటలు అందరికీ ఒకటే. వెతికి చూసి వాయించెయ్యొచ్చు. అయినా ఆ ఆటకు దక్కినది వేరొకటి ఉంది. పాట చెవిలో నిలిచిపోతుంది, ఏళ్ళ తర్వాత కూడా వేళ్ళు గుర్తుపెట్టుకుంటాయి. నెట్‌హ్యాక్‌కు మాత్రం ఈ అభ్యంతరం అసలు తగలదు. ప్రతి ఆటలోనూ కోట బాణీ కొత్తగా పుడుతుంది. నిన్నటి బాణీ ఇవాళ పనికిరాదు, పక్కవాడి బాణీ మనకు పనికిరాదు. పద్ధతి ఎవరినుంచైనా నేర్చుకోవచ్చు, జవాబు మాత్రం ఎవరికి వారు తవ్వుకోవాల్సిందే. అరుదుగా, ప్రార్థన ఫలించి దేవుడు సంతోషిస్తే, బాణీ చెవిలో చెప్పిపోతాడు. అదీ ఆ ఒక్క ఆటకే.

మూడోది: వాయిద్యమే అక్కర్లేదు కదా? బలప్రయోగ మంత్రంతో వంతెన బద్దలుకొట్టొచ్చు, తెరిచే మంత్రదండంతో దించొచ్చు. ఔను, ఆ దారులన్నీ ఉన్నాయి, ఉండాలి కూడా. వాయిద్యం లేనివాడికి తలుపు శాశ్వతంగా మూసేస్తే అది పరీక్ష అవుతుంది, ఆట కాదు. కాకపోతే బద్దలుకొట్టిన వంతెన మళ్ళీ లేవదు. బాణీ తెలిసినవాడు తెరవగలడు, శత్రువులు వెంటపడి తరుముకొస్తున్నప్పుడు మూయగలడు.

> యంత్రాలకూ కొరకరాని కొయ్య
>
> 2021లో కృత్రిమ మేధ పరిశోధకుల న్యూరిప్స్ సదస్సులో నెట్‌హ్యాక్ ఆడే ప్రోగ్రాములకు పోటీ పెట్టారు. తమంతట తాము నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కులను, మనుషులు కూర్చుని నియమాలు రాసిన ప్రోగ్రాములే మించిపోయాయి. ఆటను చివరిదాకా గెలిచింది ఒక్కటీ లేదు.

అసలైన లోటు

ఇన్ని చెప్పాక కూడా ఒక విమర్శ మిగిలే ఉంటుంది. సంగీతం తెలిసినవాళ్ళు వేసేది అదే. ఈ తాళంలో సంగీతం ఎక్కడుంది? ఏడు స్వరాల బదులు ఏడు రంగులు పెట్టినా, ఏడు పళ్ళ పేర్లు పెట్టినా లెక్క ఒకటే. పదేళ్ళు వీణ నేర్చుకున్న అమ్మాయికీ, సరిగమలు తెలియని అబ్బాయికీ ఈ వంతెన ముందు తేడా లేదు. ఈ మాట పూర్తిగా ఒప్పుకోవలసిందే. వినడాన్ని, తర్కాన్ని ఈ ఆట గౌరవించింది. సంగీత జ్ఞానాన్ని ఇంకా పిలవలేదు.

పిలవడానికి అడ్డేమీ లేదు. నెట్‌హ్యాక్ మూలప్రోగ్రాము అందరికీ తెరిచి ఉంది. మార్చుకుని పంచిపెట్టడానికి దాని లైసెన్సు ఒప్పుకుంటుంది. అలా మార్చిన రూపాలు ఇప్పటికే ఎన్నో తిరుగుతున్నాయి. వాయిద్యాల వ్యవహారం చాలావరకు ‘మ్యూజిక్.సి’ అనే ఒక్క ఫైలులో ఉంది. సి భాష చదివిన ఏ ఇంజినీరింగ్ విద్యార్థికైనా అది కొరుకుడుపడుతుంది. మన కళాశాలల్లో ప్రాజెక్టుల కోసం వెతుక్కునేవాళ్ళు ఆ ఫైలులో ఒక బొబ్బిలి వీణ చేర్చి చూడొచ్చు. పనస మానులోంచి తొలిచిన కుండ, ఇరవై నాలుగు మెట్లు. అక్షరాలు ఏడు బదులు కర్ణాటక సంగీతంలోని పన్నెండు స్వరస్థానాలు పెడితే, అయిదు స్వరాల బాణీకి అవకాశాలు 2,48,832కు పెరుగుతాయి. గుడ్డిగా వెతికేవాడికి అది కొండంత పని. ఇప్పుడు కోట ద్వారం మీద ఒక్క మాట చెక్కించాలి: మోహన. రాగం తెలియనివాడికి అదొక అలంకారం. తెలిసినవాడికి ఆ రాగంలో పలికేవి స, రి, గ, ప, ధ, అంటే షడ్జమం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం మాత్రమేనని వెంటనే తడుతుంది. ఒక్క స్వరమూ పలికించకముందే అవకాశాలు 3,125కు పడిపోతాయి. తర్వాతి కోట మీద హిందోళం, ఆపై కోట మీద ఆరోహణ ఒకలా, అవరోహణ ఒకలా నడిచే రాగం. రాక్షసుడు వెనకనుంచి వస్తున్నాడు, మలుగుచేప నీళ్ళలో తిరుగుతోంది, చేతిలో వీణ ఉంది. అప్పుడు పదేళ్ళు వీణ నేర్చుకున్న ఆ అమ్మాయి గీతాలూ వర్ణాలూ నేలమాళిగలో తొలిసారి లెక్కలోకి వస్తాయి.